నలభై దాటాక మళ్ళీ సైకిల్: అనంతపురంలో నాలుగేళ్ళు తొక్కాక ఏడు గేర్ల హైబ్రిడ్ గురించి

నాది లేడీస్ ఫ్రేమ్ హైబ్రిడ్, అంటే తారు రోడ్డుకూ మట్టిదారికీ రెంటికీ పనికొచ్చే రకం సైకిల్. వెనక ఏడు గేర్లు, రిమ్ బ్రేకులు (రబ్బర్లతో చక్రం అంచును పట్టేవి), 700 సైజు చక్రాలు, 38 మిల్లీమీటర్ల టైర్లు. కొని నాలుగేళ్ళు దాటింది. టెన్త్ తర్వాత వదిలేసిన సైకిల్‌ను నలభై దాటాక పట్టుకున్నాను కాబట్టి, బండి గురించి ఎంత రాస్తానో నాలాంటివాళ్ళు దెబ్బలు తగలకుండా ఎలా తిరగాలన్నదీ అంతే రాస్తాను.

బ్యాలెన్స్ గురించి టెన్షన్ వద్దు, అది కాసేపట్లో వచ్చేస్తుంది. వెంటనే రానిది వెనక్కి చూడటం. కుడి భుజం మీదుగా తల తిప్పామంటే హ్యాండిల్ కూడా అటే లాగుతుంది, అదే సమయంలో వెనక నుంచి ఆటో వస్తుంటే ఇంకేముంది. తల తిప్పినా తిన్నగా పోవడం, ఒక చెయ్యి తీసి సిగ్నల్ ఇవ్వడం, బ్రేక్ వేస్తూనే సీటు మీంచి ముందుకు జారి కాలు కింద పెట్టడం, ఈ మూడూ వచ్చేదాకా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వాకింగ్ వాళ్ళకు దూరంగా ఒక మూలన తిరగండి. రోడ్డు ఎక్కడికీ పోదు.

బ్రేకుల విషయంలో మా మెకానిక్ చెప్పిన మాట బంగారం: "అక్కా, ముందర బ్రేకు పట్టకుంటే సైకిల్ యాడ నిలబడుతుంది?" చిన్నప్పుడు ముందు బ్రేక్ పడితే తలకిందులుగా పడతామని భయపెట్టేవాళ్ళు. నిజానికి ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికే వస్తుంది, అందుకే సగం కంటే ఎక్కువ పని అదే చేస్తుంది. వెనకది ఒక్కటే గట్టిగా పట్టుకుంటే చక్రం జారుతుంది. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టాలి, ఒళ్ళు కాస్త వెనక్కి పెట్టాలి. రోడ్డు పక్క ఇసుక మీద మాత్రం హ్యాండిల్ తిప్పి ఉండగా ముందు బ్రేక్ ముట్టుకోవద్దు. డిస్క్ బ్రేకులు (చక్రం మధ్యలో ఉండే గుండ్రటి రేకును పట్టేవి) కావాలా అని చాలామంది అడుగుతారు. వాటి ఉపయోగం ఎక్కువగా తడిలో తెలుస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే మన ఊళ్ళో, బ్రేక్ రబ్బర్లు అరిగినప్పుడల్లా మార్చుకుంటే రిమ్ బ్రేకులు చాలు. ఆ డబ్బుతో హెల్మెట్ (సైకిల్‌ది, బైక్‌ది కాదు), వెనక ఎర్ర లైటు, కుడివైపు హ్యాండిల్‌కు అద్దం కొనండి. నా ఉద్దేశంలో గేర్ల కంటే అద్దం ముఖ్యం.

సీటు ఎత్తు. షాపులో రెండు కాళ్ళూ నేలకు ఆనేలా దించి ఇస్తారు, మొదట్లో ధైర్యానికి అదే మంచిది, కానీ అలాగే వదిలేస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా రావాలి, అది సరైన ఎత్తు. కొంచెం కొంచెంగా పెంచుకోండి. తేలిక గేర్‌లో గబగబా తొక్కితే మోకాళ్ళ మీద భారం పడదు, బరువు గేర్‌లో ఈడ్చుకుంటూ తొక్కడమే చెడుపు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌కు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. చున్నీ వేసుకునేవాళ్ళు వెనకాల కొసలు ముడేసుకోవాలి, చైన్ కవర్ ఉన్న మోడలే చూసుకోవాలి, ఇందులో మొహమాటం వద్దు.

మన దగ్గర అసలు శత్రువులు కంప ముల్లు, పల్లేరు కాయ. చెరువు చూద్దామని బుక్కరాయసముద్రం వైపు పోయి మట్టిదారిలో దిగితే పంక్చర్ ఖాయం. ట్యూబ్‌లో సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపలి నుంచే మూసేసే ద్రవం) పోయించాక చాలావరకు తగ్గాయి. అయినా పడితే, ప్యాచ్ వేసేముందు టైరు లోపల గుడ్డతో తుడిచి విరిగిన ముల్లు మొన ఉందేమో చూడాలి, లేకపోతే అదే చోట మళ్ళీ దిగుతుంది. ఈ సైకిల్‌లో నాకు బాగా నచ్చింది దీనికి బైక్ వాల్వే ఉండటం, పెట్రోల్ బంకులో గాలి పట్టించుకోవచ్చు. టైరు పక్కన రాసి ఉన్న అంకె దాటనివ్వకండి, అంతే.

ఇక గాలి. గేర్లు ఎత్తుల కోసం అనుకున్నాను, వాటి విలువ ఆషాఢంలో తెలిసింది. రామగిరి కొండల మీద మరలు తిప్పే గాలి మరి! ఆ నెలల్లో అది పడమటి నుంచి, నైరుతి నుంచి కొడుతుంది. అందుకే అప్పుడు తాడిపత్రి రోడ్డు మానేసి కళ్యాణదుర్గం రోడ్డు పడతాను. పోయేటప్పుడు, ఒంట్లో ఓపికున్నప్పుడే ఎదురుగాలి తినేస్తే, వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. ఎండాకాలం ఐదున్నరకల్లా బయల్దేరి ఏడులోపు ఇంట్లో ఉంటాను.

లోపాలూ చెప్పాలి. ప్లాస్టిక్ పెడళ్ళు ఏడాదిలోపే విరిగాయి, ఇనుపవి వేయించాను. స్టాండ్ బోల్టు ఊరికే వదులవుతుంది. గేరు కేబుల్ మొదట్లో సాగి గేర్లు సరిగా పడలేదు, ఒకసారి బిగించాక సరిపోయింది. సీటు చూడటానికి మెత్తగా ఉన్నా అరగంట దాటితే నొప్పి. 700 సైజు ట్యూబ్ ప్రతి షాపులో దొరకదు, ఒకటి ఇంట్లో పెట్టుకోవాలి.

టౌన్‌లో టవర్ క్లాక్ దగ్గర, సప్తగిరి సర్కిల్ దగ్గర రోడ్డు అంచుకు మరీ అతుక్కుని పోవద్దు. అక్కడే ఆటోలు ఉన్నట్టుండి ఆగుతాయి, కార్ల తలుపులు తెరుచుకుంటాయి, రాంగ్ రూట్‌లో బైకులు వస్తాయి. అంచుకు ఒక మీటరు ఇవతల తిన్నగా పోతుంటే వెనకవాళ్ళకు మనం కనబడతాం, చుట్టూ తిప్పుకుని పోతారు. 44వ నంబర్ హైవే మీదికి మాత్రం నేను ఎక్కను. సర్వీస్ రోడ్డు ఉన్నంత దూరం పోతాను, అది అయిపోయిన చోట వెనక్కి తిరుగుతాను.