జైల్లో ఉన్న తమ్ముడికి ఇన్లాండ్ లెటర్: నాలుగేళ్ల అనుభవం

మా తమ్ముడు జైలుకు పోయి నాలుగేళ్లు దాటింది. మాది అనంతపురం, వాడు ఉన్నది వేరే జిల్లాలోని సెంట్రల్ జైల్లో. ఆదివారం రాత్రి ఉత్తరం రాసి సోమవారం పొద్దున్నే డబ్బాలో వేస్తాను. మొదటి ఆరు నెలలు కవర్లు వాడాను. ఆ తర్వాత అంతా నీలం ఇన్లాండ్ లెటరే. రెండున్నర రూపాయల ఆ కాగితం మీద నాకున్నంత అభిమానం ఇంట్లో ఇంకే వస్తువు మీదా లేదు.

కారణం ఒక్కటే, దాని లోపల ఏమీ పెట్టలేం. జైలుకు వచ్చే ఉత్తరాన్ని విప్పి, చదివి, ముద్ర వేసి గానీ లోపలికి ఇవ్వరు. కవరైతే దులిపి చూడాలి, ఫొటో ఉంటే తిప్పి చూడాలి, నాలుగు కాగితాలుంటే నాలుగూ చదవాలి. ఇన్లాండ్‌కు కాగితమే కవరు, మడత విప్పితే పని అయిపోయింది. నా కవర్లు వాడి చేతికి అందడానికి పది పన్నెండు రోజులు పట్టేది. ఇన్లాండ్ వారంలో అందుతోంది. మూడు వైపులా గట్టిగా మాత్రం అతికించకండి. బిగించి అంటిస్తే విప్పేటప్పుడు చిరిగి, అంచు మీది మాటలు పోతాయి. నేను రెండు చోట్ల గమ్ము చుక్క పెట్టి వదిలేస్తాను.

ఇంత నమ్మిన ఇన్లాండే ఒకసారి మమ్మల్ని ఏడిపించింది. రెండేళ్ల కిందటి ఉగాది. నేను రాసి మడవబోతుంటే అమ్మ పసుపు గిన్నె తెచ్చింది. "పండగ ఉత్తరానికి పసుపు పెట్టకుంటే ఎట్లమ్మే?" అని నాలుగు మూలలా తనే అద్దింది. మనిళ్లలో ఏ శుభవార్తకైనా చేసేదే కదా, నేనూ కాదనలేదు. ఆ ఉత్తరం అందలేదు. తర్వాతి వారం రాసిందీ దాంతోపాటే ఆగిపోయింది. రెండు వారాలు ఇంటి కబురు లేకపోయేసరికి అమ్మకేదో అయిందని, మేం దాస్తున్నామని వాడికి టెన్షన్. ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడట.

ములాఖత్‌కు పోయినప్పుడు ఈ సంగతి తెలిసి, ఉత్తరాలు చూసే ఆయన దగ్గరికి పోయి అడిగాను. పెద్దాయన. సొరుగులోంచి మా ఉత్తరం తీసి, "ఇదేం పొడమ్మా?" అన్నాడు. "పసుపు సార్, ఉగాదికి మా అమ్మ పెట్టింది" అన్నాను. ఆయన మూల దగ్గర వాసన చూశాడు. "పసుపేనని నాకూ తెలుస్తోంది. కానీ కాగితాన్నే మత్తుమందులో ముంచి పంపేవాళ్లు ఉన్నారు. మరక కనిపిస్తే ఆపకుండా ఎట్లా పంపేది?" అన్నాడు. ఆయన తప్పని ఇప్పటికీ అనలేను. కానీ ఒక్క మాట కబురు చేసి ఉంటే మా వాడు అన్ని రాత్రులు అట్లా గడిపేవాడు కాదు, ఆ బాధ మాత్రం పోలేదు.

చివరికి కత్తెరతో నాలుగు మూలలూ కత్తిరించి ఉత్తరం లోపలికి ఇచ్చారు. చోటు చాలక అమ్మ మాట ఒకటి కింది మూలలో రాశాను, "జాగ్రత్త నాయనా" అని. తమ్ముడి జవాబులో ఉంది: "అక్కా, 'జాగ్ర' దాకా వచ్చింది. మిగతాది నేను పెన్నుతో రాసుకున్నా. అమ్మకు చెప్పు." అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఆ ముక్క మళ్లీ చదవమంది.

పుస్తకాల సంగతి వేరు. వాడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతున్నాడు. నేను పరీక్షకు పనికొస్తాయని పెన్సిల్‌తో గీతలు గీసి పంపిన చరిత్ర పుస్తకం తిరిగొచ్చింది. ఆ గీతల్లో ఏదైనా సంకేతం ఉందేమోనని అనుమానమట. కోపంతో మా లాయరుకు ఫోన్ చేస్తే ఆయన 1965 నాటి సుప్రీంకోర్టు తీర్పు గురించి చెప్పాడు. నిర్బంధంలో ఉన్న ఒకాయన మరాఠీలో సైన్సు పుస్తకం రాస్తే, అచ్చుకు బయటికి పంపడానికి మహారాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకోలేదట, పంపాల్సిందేనని కోర్టు చెప్పిందట. అది విన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. అయినా గొడవకు పోలేదు, గీతల్లేని కొత్త కాపీ కొని పంపాను.

ఖర్చు విషయంలో 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేశాక చాలా ఇబ్బంది పడ్డాను. 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అని తపాలా శాఖ కొత్త సేవ వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పైన పన్ను. ట్రాకింగ్ ఉంది, కానీ రోడ్డు, రైలు మీదే పోతుంది కాబట్టి నిదానం. పుస్తకం మీద ప్రచురించినవాళ్ల పేరో, అచ్చువేసినవాళ్ల పేరో ఉండాలి, పత్రికలు తీసుకోరు. అందుకే జెరాక్స్ నోట్సులు ఇందులో వేయను.

ఇన్లాండ్‌ను ఇంత పొగిడాను గానీ చోటు చాలదు. నాన్న పోయినప్పుడు రాయాల్సింది అందులో పట్టలేదు. రెండు ఇన్లాండ్లు తీసుకుని ఒకటి, రెండు అని అంకెలు వేసి పంపితే రెండోదే ముందు చేరింది. వాడికి నాన్న సంగతి మధ్యలోంచి తెలిసింది. అట్లాంటి కబురు ఉత్తరంలో రాయకూడదు, ములాఖత్‌లోనే చెప్పాలి. చిరునామాలో ఖైదీ నంబరు కూడా చూసుకోండి. రిమాండ్‌లో ఉన్నప్పటి నంబరు వేరు, శిక్ష పడ్డాక ఇచ్చేది వేరు.

మా వాడికి తెలుగు చదవడం ఇష్టం, ఉత్తరాలు చూసేవాళ్లకూ తెలుగు వచ్చు, అందుకే మాకు ఇది బాగా కుదిరింది. పక్క రాష్ట్రం జైలైతే తెలుగు చదివేవాళ్లు దొరికేదాకా ఆగాలేమో. రోజూ గొంతు వినాలనుకునేవాళ్లకు కూడా ఇది సరిపోదు. నేను మాత్రం మానను. వేరుశనగకు ఊడలు దిగాయని రాస్తే, వాన పడిందా, ఎన్ని అంగుళాలు తడిసింది అని వాడు వెంటనే అడుగుతాడు. మొన్న పోస్టాఫీసులో ఇరవై ఇన్లాండ్లు అడిగితే పద్నాలుగే ఉన్నాయన్నారు. పద్నాలుగూ తీసుకున్నాను.