నర్సింగ్ డిగ్రీలో నాకు ఎక్కువ పనికొచ్చింది ఆంత్రోపాలజీ క్లాసు

అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో బీఎస్ఎన్ (నర్సింగ్ బ్యాచిలర్స్ డిగ్రీ) చేశాను. ఇప్పుడు ప్రసూతి వార్డులో ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) పనిచేస్తున్నాను. అనాటమీ, ఫార్మకాలజీ ఎక్కడ చదివినా ఒకటే కాబట్టి వాటి జోలికి పోను. ఆ కాలేజీలో చేరినందుకు నేను ఇప్పటికీ సంతోషపడేది ఒక్క విషయానికే. నర్సింగ్‌తో సంబంధం లేదనుకున్న సబ్జెక్టులు కూడా తప్పనిసరిగా చదివించారు. వాటిలో మెడికల్ ఆంత్రోపాలజీ ఒకటి, అంటే జబ్బునీ వైద్యాన్నీ ఒక్కో సంస్కృతిలో ఎలా చూస్తారో చదవడం.

ఆ క్లాసులో ఆర్థర్ క్లైన్‌మన్ ప్రశ్నలు నేర్పించారు. ఆయన సైకియాట్రిస్టు, ఆంత్రోపాలజిస్టు కూడా. ఈ జబ్బును మీరేమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఎలాంటి వైద్యం కావాలి, అన్నిటికంటే దేనికి భయపడుతున్నారు... ఇలా ఎనిమిది. బట్టీ పట్టడం అరగంట పని. కానీ మా ప్రొఫెసర్ అంతటితో వదల్లేదు. ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి, అడిగినవాళ్లు జవాబు ముందే అనేసుకుని అడుగుతున్నారా అని మిగతావాళ్లు పట్టుకోవాలి. తక్కువమందిమి కాబట్టి ఎవరికీ తప్పించుకునే వీల్లేదు.

ప్రసూతి క్లినికల్స్ (ఆస్పత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణ) ఆ రాష్ట్రంలోనే ఉన్న సెయింట్ పాల్ నగరంలో పడ్డాయి. అక్కడ హ్మాంగ్ కుటుంబాలు ఎక్కువ. 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. ముందురోజే కాన్పయిన ఒకావిడ గదికి నన్ను పంపారు. ఇక్కడి ఆస్పత్రుల్లో మంచం పక్కన మొదట పెట్టేది ఐసు వేసిన నీళ్లు. ఆవిడ వాటిని ముట్టుకోలేదు. ట్రేలో శాండ్‌విచ్, సలాడ్, జ్యూసు అలాగే ఉన్నాయి. రాత్రి షిఫ్టు నర్సు "తినట్లేదు, తాగట్లేదు" అని చెప్పి వెళ్లింది. మళ్లీ ఐవీ (సెలైన్) పెట్టాలేమో అన్న మాట కూడా వచ్చింది.

నాకు చూడగానే అర్థమైపోయినట్టనిపించింది. బాలింత కదా, చల్లనీళ్లు ఎందుకు తాగుతుంది? నా చిన్నప్పుడు పిన్ని పురిటికొస్తే అమ్మమ్మ కాచిన నీళ్లు తప్ప ఇచ్చేది కాదు, అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. గబగబా వేడినీళ్లు తెచ్చి "మాకూ ఇంతేనండీ, నాకు తెలుసు" అనేద్దామనుకున్నాను. సరిగ్గా ఆ తొందరనే క్లాసులో మాన్పించారు. ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుకుని అడిగాను: కాన్పయ్యాక మీ ఇంట్లో ఏం తింటారు? చల్లటిది తింటే ఏమవుతుందని భయం?

అప్పటిదాకా తలూపడమే తప్ప మాట్లాడని మనిషి ఆపకుండా చెప్పింది. నెల రోజులు వేడి అన్నం, మూలికలు వేసి ఉడికించిన కోడి, వేడినీళ్లు మాత్రమే. చల్లటిది తింటే పెద్దయ్యాక ఒళ్లు నొప్పులు, కీళ్లు పట్టేయడం. కోడి సంగతి నేను ఊహించనే లేదు, మా ఇంట్లో పురిటి రోజుల్లో మాంసమే పెట్టరు. అసలు సంగతేంటంటే, వాళ్ల అత్తగారు అది వండి తెచ్చి, లోపలికి రానిస్తారో లేదోనని కారులోనే ఉంచారు. నర్సుని, మా ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి పైకి తెప్పించాం. మూత తీయగానే గదంతా నిమ్మగడ్డి వాసన. ఆవిడ ఆ గిన్నె ఖాళీ చేశాక ఐవీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా కాలేజీ చలవేనా అంటే, పూర్తిగా కాదు. వేడినీళ్లు గుర్తొచ్చింది అమ్మమ్మ వల్ల. ఊహించి ఊరుకోకుండా అడగడం కాలేజీ నేర్పింది. ఉద్యోగంలో ఎనిమిది ప్రశ్నలకూ టైము దొరకదు. ముగ్గురు నలుగురు తల్లులు, వాళ్ల బిడ్డలు నా చేతిలో ఉన్న రోజున ఆ భయం గురించిన ప్రశ్న ఒక్కటే అడగగలుగుతున్నాను.

తక్కువమంది ఉండటం మంచిదే అన్నాను కానీ, టీచర్లు కూడా తక్కువే. మా పీడియాట్రిక్స్ ఇన్‌స్ట్రక్టర్ సెమిస్టర్ మధ్యలో మానేస్తే ఆవిడ స్థానంలో ఎవరూ దొరకలేదు. క్లినికల్స్‌లో చాలా భాగం బొమ్మల మీద సిమ్యులేషన్‌గా మారిపోయింది. క్లినికల్ గంటల్లో సగం దాకా సిమ్యులేషన్ పెట్టినా నష్టం లేదని 2014లో ఎన్‌సీఎస్‌బీఎన్ (అమెరికాలో రాష్ట్రాల నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి) అధ్యయనం తేల్చింది. కానీ అది బాగా శిక్షణ పొందిన టీచర్లు, సరైన ఏర్పాట్లు ఉన్నచోట. మా దగ్గర ఆ హడావుడిలో అవేవీ కుదరలేదు. ఈ విషయంలో నాకు ఇంకా కోపమే. విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చేసిన మా పెద్దమ్మ కూతురు చంటిపిల్లలకి ఐవీ పెట్టడం గురించి చెబుతుంటే, నేనెంత పోగొట్టుకున్నానో తెలుస్తుంది.

నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష ఎన్‌క్లెక్స్‌. దానికి 2023 ఏప్రిల్ నుంచి కొత్త తరహా కేస్ స్టడీలు వచ్చాయి. వాటికి మా క్లాసు చర్చలు కొంత అక్కరకొచ్చాయి. మిగతాదానికి క్వశ్చన్ బ్యాంకు సొంత డబ్బుతో కొనుక్కున్నాను.

నాకు గ్రాంటు బాగా వచ్చింది, ఇంట్లో అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. ఈ రెండూ లేకపోతే నా మాట పట్టుకుని చేరొద్దు. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చేవాళ్లకి మామూలు వార్డు నర్సు ఉద్యోగంతో హెచ్-1బీ వర్క్ వీసా రావడం చాలా కష్టం. డబ్బే సమస్యైతే, కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల ఏడీఎన్ (నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ) చేసినవాళ్లూ రాసేది ఇదే ఎన్‌క్లెక్స్, వాళ్లకొచ్చేదీ ఇదే ఆర్ఎన్ లైసెన్సు. మా చెల్లి కూడా ఇలాంటి కాలేజీకే అప్లై చేస్తానంటోంది. వద్దనలేదు. గ్రాంటు ఎంతో తేలాక, పీడియాట్రిక్స్ క్లినికల్స్ ఏ ఆస్పత్రిలో, ఆ సబ్జెక్టుకి ఎంతమంది ఇన్‌స్ట్రక్టర్లున్నారో ఈమెయిల్‌లో జవాబు తెప్పించుకుని అప్పుడు ఫీజు కట్టమన్నాను.