రాజమండ్రి ఘాటా, కాకినాడ రేవా: వీధి ఫొటోలకు ఏది మేలు?

కొత్తగా కెమెరా కొన్నవాళ్లు మన జిల్లాల్లో తప్పకుండా అడిగే ప్రశ్న: వీధి ఫొటోలకి రాజమండ్రి వెళ్లాలా, కాకినాడ వెళ్లాలా? రెండూ పెద్ద ఊళ్లే, మధ్య దూరం అరవై కిలోమీటర్ల పైచిలుకు. జనానికి రెండు చోట్లా కొదవ లేదు, రంగులకీ లేదు. ఆ లెక్కన చూస్తే ఎప్పటికీ తేలదు. తేల్చేది ఒక్కటే: పొద్దున్నపూట ఎండ ఎటు నుంచి వస్తుంది, ఆ వేళకి మనుషులు ఎటు తిరిగి ఉంటారు.

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. పుష్కరఘాట్ మెట్ల మీద నిలబడితే నది పడమట, ఊరు మన వీపు వెనక. నీళ్లలో నిలబడి అర్ఘ్యం ఇచ్చే మనిషి సూర్యుడి వైపు తిరుగుతాడు, అంటే మన వైపే. ముఖం మీద, దోసిట్లోంచి జారే నీళ్ల మీద ఎండ నేరుగా పడుతుంది. ఆ మనిషి వెనక ఫ్లెక్సీ ఉండదు, కరెంటు తీగ ఉండదు, అడ్డదిడ్డంగా పెట్టిన బండి ఉండదు. ఒకే రంగు నీళ్లు, దూరంగా వంతెన. ఇంతకంటే ఏం కావాలి?

అదే మనిషి అవతలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో ఉంటే సూర్యుడు నది మీద ఉదయిస్తాడు, మెట్ల మీదున్న మనకి వీపు మాత్రమే దక్కుతుంది. నల్లటి ఆకారాలు కావాలనుకుంటే కొవ్వూరు, ముఖాలు కావాలనుకుంటే రాజమండ్రి.

అయితే టైము చూసుకోవాలి. జూన్‌లో ఐదున్నరకి, జనవరిలో ఆరున్నరకి పొద్దు పొడుస్తుంది గానీ, ఒడ్డు మీది కట్టడాల నీడ అప్పటికి మెట్ల మీదే ఉంటుంది. సూర్యుడు 14 డిగ్రీలు పైకి రావడానికి సుమారు గంట పడుతుంది. అప్పటికీ పదడుగుల గోడకి నలభై అడుగుల నీడ. అందుకే ఎండ ముందు నది మధ్యలో పడి, మెల్లగా మెట్ల వైపు జరుగుతుంది. తెల్లారకముందే వచ్చి విసుగెత్తి వెళ్లిపోయేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఆ అరగంటే.

ఇక్కడ ఎక్కువమంది ఫొటోలు పాడయ్యేది సొంత నీడతో. ఎండ వెనక నుంచి వస్తుంది కాబట్టి మన నీడ పొడుగ్గా సాగి ఎదుటి మనిషి ఒంటి మీదే పడుతుంది. నాలుగడుగులు పక్కకి జరిగి కాస్త ఏటవాలుగా తీస్తే నీడ ఫ్రేములోంచి తప్పుకుంటుంది, ముఖానికి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ వచ్చి కళ కడుతుంది. పై మెట్టు మీద నుంచి తీస్తే అందరి నడినెత్తులే వస్తాయి. నీటికి మూడో నాలుగో మెట్టు మీద కూర్చోండి. అంతకంటే కిందకి దిగొద్దు, నాచు ఉంటుంది.

సెట్టింగుల గొడవ తక్కువే. 35 ఎంఎం లెన్సు, ఎఫ్/8 (లెన్సు రంధ్రం ఎంత తెరిచామో చెప్పే అంకె), షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 400. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సారున్న) కెమెరాలో ఫోకస్ రెండున్నర మీటర్ల దగ్గర ఆపేస్తే, ఇంచుమించు 1.7 నుంచి 4.9 మీటర్ల దాకా అంతా స్పష్టంగానే వస్తుంది. ఆటోఫోకస్‌కి నీటి మెరుపు మీదకి పరిగెత్తే జబ్బుంది, దానికి ఇదే మందు. కార్తీక మాసంలో మాత్రం ఈ లెక్కలన్నీ తలకిందులు. స్నానాలు తెల్లారకముందే అయిపోతాయి, వెలుగంటే అరటి దొప్పల్లోని దీపాలదే. ఐఎస్ఓ 3200, షట్టర్ 1/60కి దిగాలి. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సరిచేసే సెట్టింగు) ఆటోలో వదిలేస్తే దీపం ఎరుపు చప్పబడిపోతుంది, 3500 కెల్విన్ దగ్గర నిలబెట్టండి.

స్నానం చేసే ఆడవాళ్ల వైపు కెమెరా తిప్పొద్దు. పిండప్రదానం చేస్తున్నవాళ్లని అడగకుండా తీయొద్దు. ఇందులో చర్చకి తావు లేదు. వరదల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక (నీటిమట్టం 11.75 అడుగులు) జారీ చేశారంటే ఘాట్ ఆశ వదులుకోవాలి. సాయంత్రం హారతి అంటారా, అక్కడ మనుషుల కంటే పైకెత్తిన ఫోన్లే ఎక్కువ. ఆ ఫొటో ఇప్పటికే అందరి దగ్గరా ఉంది.

ఇక కాకినాడ. ఇక్కడి బలం తిన్నటి వీధులు. మెయిన్ రోడ్డు దాదాపు ఉత్తర దక్షిణంగా సాగుతుంది, అడ్డవీధులు తూర్పు పడమరలుగా. పొద్దున్నా సాయంత్రమూ అడ్డవీధిలోంచి దూసుకొచ్చిన ఎండ మెయిన్ రోడ్డు మీద ఒక పట్టీలా పడుతుంది. నీడలో నిలబడి, ఆ పట్టీ మీది వెలుగుకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి ఎంత వెలుగు రావాలన్న కొలత) లాక్ చేసి, సైకిలో తోపుడుబండో అందులోకి వచ్చేదాకా ఆగడమే పని. మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇది బాగా కుదురుతుంది. డిసెంబరుకి సూర్యుడు తూర్పు నుంచి పాతిక డిగ్రీల దాకా దక్షిణానికి జరుగుతాడు, పట్టీ వంకరపోయి సన్నబడుతుంది. జగన్నాథపురం వంతెన మీదైతే పొద్దున్న పడమటి వైపు చూడండి, పడవల రంగులు కనిపిస్తాయి. సముద్రం వైపు తిరిగితే అన్నీ నల్ల బొమ్మలే.

కుంభాభిషేకం రేవులో చేపల వేలం చూడ్డానికి అదిరిపోతుంది, ఫొటోలో మాత్రం తరచూ తేలిపోతుంది. కారణం మళ్లీ అదే: అందరూ వలయంగా నిలబడి కిందున్న చేపల వంక చూస్తుంటారు, బయటున్నవాడికి వీపులు, తట్టలు. వేలం వేసే మనిషికి ఎదురుగా, కొనేవాళ్ల మధ్య సందు చూసుకుని గొంతుక్కూర్చోవాలి. తడి నేల, తెల్లటి థర్మాకోల్ పెట్టెలు ఎండని పైకి కొడతాయి కాబట్టి తలపాగా కింద ముఖం కూడా వెలుగుతుంది. దారికి మాత్రం అడ్డం కూర్చోకండి, ఐసు మోసేవాళ్లు ఆగరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, పెద్ద బోట్లు కదలవు. అప్పుడు వల అల్లేవాళ్లు, పడవలకి రంగులేసేవాళ్లు దొరుకుతారు. వాళ్లు కదలకుండా కూర్చుంటారు కాబట్టి, నిజం చెప్పాలంటే ఫొటోకి వేలం కంటే అదే నయం. పోర్టు గేట్ల దగ్గర కెమెరా బయటికి తీయొద్దు. ఉప్పు గాలికి లెన్సు మీద ఫిల్టరు ఉంచుకోండి.

మొత్తానికి పొద్దున్నపూట ఒక్కటే చేతిలో ఉంటే రాజమండ్రి, మధ్యాహ్నం దాటాక బయల్దేరేవాళ్లకి కాకినాడ. కడియపులంక పూల మార్కెట్ రంగుల కోసం ఒకసారి చూడొచ్చు, అదీ తెల్లవారుజామునే. రావులపాలెం అరటి మార్కెట్ గెలలు మోసే భుజాల కోసం. భీమవరం, అమలాపురం మెయిన్ రోడ్లు దారిలో తగిలితే ఆగండి, ఫొటోల కోసమే పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు.