ఉప్పుగాలికి బిగుసుకున్న తాళం కప్ప: నూనె, గ్రాఫైట్, పిక్ వాడి చూశాక

విశాఖలో సముద్రానికి దగ్గరగా, ఆరుబయట వేలాడే తాళానికి గ్రాఫైట్ పొడి వెయ్యొద్దు. బిగుసుకున్న తాళానికి ఏం వెయ్యాలని ఎవర్నడిగినా ముందు చెప్పే మందు అదే కాబట్టి నా మాట విడ్డూరంగా అనిపించొచ్చు. పాత తాళాలు పోగేసి, కడిగి, పిక్‌తో (తాళంచెవి లేకుండా తాళం తీసే సన్నటి పనిముట్టు) తీసి, మళ్లీ వాడకంలోకి తేవడం కొన్నేళ్లుగా నాకున్న పిచ్చి. మా ఇల్లు కంచరపాలెంలో. మావయ్య గారిది పెదవాల్తేరు, మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. రెండు ఇళ్లలోనూ అవే మందులు వాడాను, ఫలితాలు మాత్రం ఒకేలా రాలేదు.

నేను ఎక్కువగా కుస్తీ పట్టింది మావయ్య గారి మేడ మెట్ల గేటు తాళంతో. ఒళ్లు ఇత్తడి, పైన కొక్కెం ఇనుము, కన్నం మీద ఊగే చిన్న మూత. అలీగఢ్ అన్న అక్షరాలూ, ‘6 లీవర్స్’ అన్న ముద్రా సగం అరిగిపోయాయి. తాళంచెవి ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. గొలుసులో ఒక లింకు కోయించి తాళాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. గొలుసు పాడైందన్న బాధ మావయ్యకి ఇంకా పోలేదు.

మన ఇళ్లలో గేట్లకీ, దుకాణాల షట్టర్లకీ కనిపించే పాత తాళాల్లో చాలావరకు లీవర్ రకమే. లోపల పలకల్లాంటి లీవర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఒక్కోదానికీ ఒక స్ప్రింగ్, ఒక గాడి. తాళంచెవి ఒక్కో లీవర్‌ని దానికి తగ్గ ఎత్తుకి లేపుతుంది. గాడులన్నీ ఒకే వరసలోకి వస్తేనే గడియకున్న బొడిపె వాటిలోంచి జరిగి కొక్కెం వదులుతుంది. తక్కువ లేపినా తెరుచుకోదు, ఎక్కువ లేపినా తెరుచుకోదు. ఆన్‌లైన్‌లో దొరికే పిక్ సెట్లు ఎక్కువగా పిన్ తాళాల కోసం చేసినవి, వీటికి పనికిరావు. నేను సైకిల్ చువ్వలు రెండు వంచి, కొనలు ఆకురాయితో అరగదీసి చేసుకున్నాను. ఒకటి గడియని మెల్లగా నెట్టి టెన్షన్ ఇవ్వడానికి, రెండోది లీవర్లు లేపడానికి. చువ్వ 2 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి బలానికి లోటుండదు.

పని మొదలుపెట్టినప్పుడు ఆరు లీవర్లలో నాలుగే కదిలాయి. మిగతా రెండూ పైకి లేచి అక్కడే బిర్రుగా ఉండిపోయాయి. పైకెక్కి కూర్చున్న లీవర్‌ని కిందికి దింపడం ఏ పిక్‌కీ చేతకాదు, అసలైన తాళంచెవి దొరికినా చేతకాదు. తాళం మొరాయిస్తోందని మనం అనుకుంటాం గానీ, అక్కడ అడ్డుపడేది తాళం చేసినవాడి తెలివి కాదు, ఉప్పూ తుప్పూ చిలుమూ కలిసి కట్టిన పెచ్చు. నూనె మీద నూనె పోసినా అది కదల్లేదు. చివరికి వన్‌టౌన్‌లో డూప్లికేట్ తాళాలు చేసే ఒక పెద్దాయనకి చూపించాను. కన్నంలోకి ఓసారి ఊది, వాసన చూసి, “ఏటి బాబూ, ఉప్పు నూనెకి కరుగుద్దేటి? ముందు ఏణ్ణీళ్లలో ఎయ్యండి” అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా పద్ధతే మారిపోయింది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీరవుతుంది. విశాఖలో తెల్లవారుజామున ఆ మాత్రం తేమ ఉండటం వింతేమీ కాదు. రాత్రి కరగడం, మధ్యాహ్నం ఎండకి మళ్లీ గట్టిపడటం, ఏళ్ల తరబడి లోపల జరిగేది ఇదే. అందుకని స్టీలు గిన్నెలో మరిగిన నీళ్లు పోసి, తాళాన్ని ముంచి, కన్నం కిందికి పెట్టి దులిపాను. మొదటి నీళ్లు ఇటుక రంగులో దిగాయి, తర్వాతవి పాచి రంగులో. నీళ్లు తేటపడేదాకా మార్చుకుంటూ పోయాను. చింతపండుతో తోమితే ఇత్తడి తళతళలాడుతుంది నిజమే, కానీ ఆ పులుపుని లోపలికి పోనివ్వకండి, ఇనుప స్ప్రింగులు తినేస్తుంది.

కడిగాక లోపల మిగిలిన తడిని తరమాలి. ఇక్కడ డబ్ల్యూడీ-40 అనే స్ప్రే బాగా ఉపయోగపడింది. 1953లో అమెరికాలో దాన్ని తయారుచేసిందే లోహం మీది నీటిని తప్పించి తుప్పు పట్టకుండా కాపాడటానికి. కన్నంలో కొట్టి, తాళాన్ని అటూ ఇటూ వంచి, చెక్క సుత్తితో పక్కల మీద చిన్నగా తట్టాను. ఒక లీవర్ టిక్కుమని కిందికి దిగింది. రెండోది మర్నాటిదాకా బెట్టు చేసి దిగింది. పలచటి స్ప్రే ఏదైనా ఎక్కువకాలం నిలవదు కాబట్టి నేను దాన్ని కడుగుడు కిందే లెక్కేస్తాను, నూనె కింద కాదు.

ఆరు లీవర్లూ ఆడాక పిక్‌తో తీయడం పెద్ద కష్టం కాలేదు. గడియ మీద ఒత్తిడి తగినంతే ఉండాలి, గట్టిగా నెడితే అన్నీ బిగుసుకుంటాయి. సరిగ్గా నెడితే ఏదో ఒక లీవర్ ముందు పట్టుకుంటుంది. దాన్ని లేపుతుంటే ఒకచోట గడియ వెంట్రుకవాసి జరిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు ఇంకో లీవర్ పట్టుకుంటుంది. 1851లో లండన్ ప్రదర్శన సమయంలో హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరన్న చబ్ కంపెనీ లీవర్ తాళాన్ని 25 నిమిషాల్లో తీసి సంచలనం చేశాడు. మనది చబ్ కాదు, నేను హాబ్స్‌నీ కాదు, అయినా గడియ జరిగినప్పుడు ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడేంత గట్టిగా అరిచాను. మన సొంత తాళం, అదీ తలుపుకి వేలాడకుండా చేతిలో ఉన్నదైతేనే ఈ సరదా. వాడకంలో ఉన్న తాళంలో పిక్ పెడితే ఒక్కోసారి స్ప్రింగ్ విరిగి, తలుపు బయటే నిలబడాల్సొస్తుంది.

ఇక నూనెల సంగతి. కంచరపాలెంలో బీరువా తాళానికి గ్రాఫైట్ అద్భుతంగా పనిచేస్తోంది. దుమ్ము అంటదు, బంక కట్టదు. అదే పొడి మావయ్య గారి వీధి గేటుకున్న మరో తాళంలో వేస్తే ఒక వానాకాలానికే తుప్పు ముదిరింది. గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది. ఉప్పు తేమలో అది ఇనుముని ఆనుకుని ఉంటే, బ్యాటరీలో లాగా ఇనుము కరుగుతూ పోతుంది. అసలే ఇత్తడీ ఇనుమూ పక్కపక్కనున్న చోట ఇంకో శత్రువుని మనమే పిలిచినట్టు. పైగా గ్రాఫైట్ మీద నూనె పడితే నల్లటి ముద్దయి లీవర్లని అంటిస్తుంది. రెండూ ఎప్పుడూ కలపొద్దు.

కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున తాళం తీయబోతే ఆ సంగతి తెలుస్తుంది. నువ్వుల నూనె మొదట్లో బాగుంటుంది గానీ పోనుపోను బంకవుతుంది. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకి వాడే గ్రీజు కొక్కెం మొదలు దగ్గర పూయడానికి భేష్, లీవర్లకి మాత్రం మరీ చిక్కన. చివరికి సముద్రం పక్కన నిలిచింది కుట్టు మిషన్ నూనే. చుక్కలుగా వేసి తాళంచెవి తిప్పుతూ ఉంటే చాలు. దుమ్ము పట్టి నల్లబడుతుంది, కాబట్టి వానలకి ముందోసారి, తుపాన్ల కాలం దాటాక ఇంకోసారి కడిగి మళ్లీ వేస్తున్నాను. కన్నం మీద సైకిల్ ట్యూబు ముక్క వేలాడదీశాక ఉప్పు చేరడం బాగా తగ్గింది.

ఆ పెద్దాయన చేతే కొత్త తాళంచెవి చేయించి, తాళాన్ని మళ్లీ మేడ మెట్ల గేటుకే పెట్టాం. ఒక లీవర్ స్ప్రింగ్ తుప్పుకి సన్నబడింది, అది అప్పుడప్పుడూ పైనే ఉండిపోతే తాళాన్ని అరచేత్తో ఓ తట్టు తట్టాలి. మావయ్యకి ఆ తట్టు అలవాటైంది, అత్తయ్యకి ఇంకా కాలేదు. వీధి గేటుకి మాత్రం కొత్త తాళమే కొనిపించాను.