ఆటోనగర్ టెస్టింగ్ ల్యాబ్: ఊచ తెగుతుంటే పక్కనే నిలబడి చూడొచ్చు

ఇల్లు కడుతున్నవాళ్ల కోసం రాస్తున్నా. ఫె 500డి (బలంతో పాటు ఎక్కువ సాగే గుణం ఉండాల్సిన ఉక్కు రకం) అని అమ్మిన 12 ఎం.ఎం. ఇనుప ఊచల మీద నమ్మకం కుదరక, విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు ల్యాబ్‌కి ముక్కలు పట్టుకెళ్లాను. బండి పెట్టుకునే చోటుండదు, లారీల మోత, కూర్చోడానికి ఒకే ప్లాస్టిక్ కుర్చీ. పని మాత్రం శ్రద్ధగా చేస్తారు.

యూటీఎం అనే, లోహాన్ని లాగి బలం కొలిచే మెషీన్‌లో ఊచని బిగించి లాగుతుంటే ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. లోడు పెరిగి పెరిగి ఓ చోట ఆగిపోతుంది, ఊచ మాత్రం సాగుతూనే ఉంటుంది, పైనున్న నల్ల పొలుసు చిటచిటా రాలిపోతుంది. లోపల ఇనుము స్ఫటికాల్లో పరమాణువుల వరుసలు జోరుగా జారుతున్నాయన్నమాట. వరుసంతా ఒక్కసారి కదలదు, వరుసల అమరికలో ఉండే డిస్‌లొకేషన్ అనే లోపం కొంచెం కొంచెంగా జరుగుతూ పోతుంది, అందుకే లెక్క ప్రకారం ఉండాల్సిన బలం కన్నా చాలా తక్కువకే లోహం లొంగిపోతుంది. 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారే చెప్పిన సంగతి ఇది. ఆ లోపాలు పెరిగి ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేకొద్దీ ఊచ గట్టిపడి, లోడు మళ్లీ ఎక్కుతుంది.

చివరికి ఒకచోట సన్నబడి ఠపీమని తెగింది. "ముట్టుకుని చూడండి బాబూ" అన్నారు మెషీన్ దగ్గరి పెద్దాయన. వేడిగా ఉంది! తెగిన చోట మధ్యలో బూడిదరంగు గరుకు, చుట్టూ ఏటవాలు అంచు, ఒక ముక్క గిన్నెలా, రెండోది అందులో కూర్చునేలా. మధ్యలో సన్నటి ఖాళీలు పుట్టి కలిసిపోయి చీలిక అవుతుందట. సాగకుండా బల్లపరుపుగా, మెరుస్తూ విరిగితే అనుమానించాల్సిందే అన్నారు.

ముక్కలు రెండూ జోడించి వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలిస్తే, లాగకముందు ఊచ మీద గుర్తు పెట్టిన 60 ఎం.ఎం. దూరం 71 అయింది, అంటే సాగుడు 18 శాతం పైనే. ఇలాంటి ఊచలకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం 500డికి కనీసం 16 ఉండాలి, మామూలు 500కి 12 చాలు. షాపుల్లో బలం గురించే ఊదరగొడతారు గానీ ఈ సాగుడు మాటెత్తరు, భూకంపం వస్తే ఒక్కసారిగా కూలకుండా ఆపేది ఇదే.

ఇక రిపోర్టు విషయంలో విసిగించారు: రేపు, ఎల్లుండి అంటూ తిప్పించి, ఇచ్చినదాంట్లో సైటు అడ్రసు తప్పు కొట్టారు. ఐదుకి నాలుగు ఇస్తా. మేస్త్రీని పంపకుండా మీరే వెళ్లండి, ముక్కలు మాత్రం గ్యాస్‌తో కోయించొద్దు, ఆ వేడికి ఉక్కు గుణం మారిపోతుంది, హాక్సాతోనే కోయించండి.