గ్యారేజ్ సీలింగ్‌కి 4 అడుగుల ఎల్ఈడీ లైట్లు, 4 స్టార్లు

లైట్ల వరకూ వంక పెట్టడానికేం లేదు, 5000 కెల్విన్ తెల్ల వెలుగు, ఒకదానికొకటి వైరుతో కలిపేసుకోవచ్చు, బిగించడం అరగంట పని. తప్పంతా నాదే. డోర్‌కి మోటార్ ఓపెనర్ తర్వాత పెట్టిద్దాంలే అనుకుని రెండు లైట్లు సరిగ్గా సీలింగ్ మధ్యలో వరసగా బిగించేశా, తీరా టేపు పట్టుకుని కొలిస్తే ఓపెనర్ రైల్ (డోర్‌ని లాగడానికి సీలింగ్ కింద పెట్టే పొడవాటి కడ్డీ) వచ్చేది కూడా అక్కడే! ఇంకో తమాషా ఏంటంటే డోర్ పైకెత్తితే అది సీలింగ్ కింద అడ్డంగా పడుకుంటుంది కదా, ముందు లైటు మొత్తం దాని పైన దాక్కుంటుంది, రాత్రిపూట డోర్ తీసి బోనెట్ ఎత్తితే ఇంజిన్ దగ్గర చీకటే. ఇప్పుడు అవి విప్పి డోర్ ట్రాక్‌లకి బయట అటొకటి ఇటొకటి పెట్టా, మూడోది కొత్తగా వెనక గోడ వైపు, పన్లో పని మోటార్ వచ్చే చోట సీలింగ్‌లోనే సాకెట్ కూడా పెట్టించేశా. పాత రంధ్రాలు మాత్రం ఇంకా నన్నే చూస్తున్నాయి. ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, కొన్ని ఎల్ఈడీల డ్రైవర్ల (లైటుకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూట్ల) నుంచి వచ్చే రేడియో నాయిస్ వల్ల ఓపెనర్ రిమోట్ రేంజ్ పడిపోతుంది, ఆ సంగతి గురించి డబ్బా మీద ఒక్క ముక్క లేదు.