సోలో దాకా ఏ విమానం మేలు: సెస్నా 152నా, 172నా, పైపర్ వారియరా?

విమానం నడపడం నేర్చుకోవడానికి చేరేవాళ్ళలో చాలామంది ఈ ప్రశ్నను రెక్క పైనుండాలా, కిందుండాలా అన్న వాదనగా మార్చేస్తారు. ఆ వాదనలో కొంత సరుకు ఉన్న మాట నిజమే. కానీ మొదటి సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) దాకా నేర్చుకునేవాళ్ళకు ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: ఆ విమానం మీ బరువు మోస్తుందా, మీ తప్పును అప్పటికప్పుడు చూపిస్తుందా. మొదటిది కుదిరితే నా ఓటు 152కే.

152 రెండు సీట్ల బుల్లి విమానం. 1977 నుంచి 1985 దాకా తయారైంది, ఇంజన్ 110 హార్స్‌పవర్. అంటే ఇప్పుడు ఎగురుతున్నవన్నీ ముసలివే. 172 దాని పెద్దన్న: నాలుగు సీట్లు, 1956 నుంచి ఇప్పటిదాకా 44,000 పైచిలుకు తయారయ్యాయి, ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని రాలేదు. వారియర్ పైపర్ పీఏ-28 కుటుంబంలోది, రెక్క కింద ఉంటుంది (సెస్నాలు రెండిటికీ పైన), 160 హార్స్‌పవర్.

ముందు బరువు సంగతి. 152 టేకాఫ్ బరువు 757 కిలోలు దాటకూడదు. ఖాళీ బరువు ఒక్కో విమానానికి ఒక్కోలా ఉంటుంది, 520 కిలోలు అనుకుందాం. మామూలు ట్యాంకులు నిండా నింపితే పెట్రోలు మరో 70 కిలోలు. ఇక మీకూ ఇన్‌స్ట్రక్టర్‌కూ సంచులకూ కలిపి మిగిలేది 167. ఇద్దరూ ఎనభై దాటినవాళ్ళయితే లెక్క అక్కడే ఆగిపోతుంది. ట్యాంకులు సగం నింపుకుంటే 35 కిలోలు కలిసొస్తాయి. గంట పాఠానికి ఖర్చయ్యేది పాతిక లీటర్ల లోపే కాబట్టి, మిగులు పెట్రోలుతో కలిపి చూసినా అది సరిపోతుంది. చిక్కేమిటంటే, మీకు ముందు ఎగిరినవాళ్ళు ట్యాంకు నింపి వెళ్ళిపోతే దాన్ని తోడించడం పెద్ద తలనొప్పి. లెక్క కుదరకపోతే 152 మాట మరిచిపోండి. 'ఎలాగో ఎగిరిపోతుంది లెండి' అనే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే ఆయన మాట కూడా మరిచిపోండి.

లెక్క కుదిరిందనుకుందాం. 152 ఎందుకు మేలంటే, మీ కాళ్ళు పనిచేస్తున్నాయో లేదో దాచదు. ఫుల్ పవర్‌తో ముక్కు ఎత్తితే విమానం ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్ (తోక చుక్కానిని తిప్పే పెడల్) నొక్కాలి. నొక్కకపోతే, విమానం వంకరగా పోతోందని చూపే మీటర్లోని బాల్ పక్కకు జారుతుంది. అదే స్థితిలో స్టాల్ అయితే (రెక్క విమానాన్ని మోయడం మానేస్తే) ఒక రెక్క టక్కున పడుతుంది. మొదటిసారి గుండె జారుతుంది కానీ, ఆ పాఠం జన్మలో మరిచిపోరు. పైగా 152లో కావాలని స్పిన్ (స్టాల్ అయి గిరగిరా తిరుగుతూ కిందికి పడటం) చేయడానికి అనుమతి ఉంది, కాబట్టి దాన్నుంచి బయటపడటం ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని చూపించగలరు. వారియర్‌లో ఆ పని నిషేధం. దాని స్టాల్ కూడా మెత్తన: ముక్కు కాస్త ఊగుతుంది, అంతే. వినడానికి బాగుంది కదా? కానీ ఆ మెత్తదనంలోనే విమానం గబగబా కిందికి దిగిపోతుంటుంది. బయట ఏ హడావిడీ లేదు కనుక కొత్తవాళ్ళు ఎత్తు చూసుకోరు. 172 ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, స్థిరంగా, ఓపికగా. టెన్షన్ ఎక్కువగా పడేవాళ్ళకు మాత్రం ఆ ఓపికే మందు.

ల్యాండింగ్‌లో రెక్క ఎక్కడుందన్నది నిజంగానే తేడా చూపిస్తుంది. నేలకు దగ్గరవుతున్నకొద్దీ రెక్క మీద డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గుతుంది, దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. వారియర్ రెక్క కిందే ఉంది కనుక, ఐదు నాట్స్ (గంటకు దాదాపు 9 కిలోమీటర్లు) వేగం ఎక్కువ తెచ్చారంటే రన్‌వే మీద తేలుతూ పోతూనే ఉంటుంది. అయితే తగిలాక దాని ఓలియో కాళ్ళు (నూనె, గాలి నింపిన షాక్ అబ్జార్బర్లు) దెబ్బను మింగేస్తాయి. సెస్నా కాళ్ళు స్ప్రింగులు, గట్టిగా దించితే మళ్ళీ పైకి ఎగరేస్తాయి. నేర్చుకునేటప్పుడు నాకు సెస్నా పద్ధతే నచ్చుతుంది, తప్పుకు శిక్ష వెంటనే పడుతుంది. పక్కగాలిలో మాత్రం వారియర్‌దే పైచేయి. తయారీదారులు పరీక్షల్లో దించి చూపిన పక్కగాలి 152కి 12 నాట్స్, 172ఎస్‌కి (172లో కొత్త మోడల్) 15, వారియర్‌కి 17. ఇది చట్టం పెట్టిన హద్దు కాదు, కొత్తవాళ్ళ హద్దు అంతకంటే చాలా తక్కువ. గాలి తరచూ అడ్డంగా వీచే చోట నేర్చుకుంటుంటే, 152 నేల మీదే ఉండిపోయే రోజులు పెరుగుతాయి. అక్కడ నా ఓటు మారుతుంది.

ఏం కనిపిస్తుంది, ఏం కనిపించదు అన్నది సమానమే. పై రెక్క ఉంటే నేల బాగా కనిపిస్తుంది కానీ, మలుపులో ఆ రెక్క దిగి మీరు వెళ్ళబోయే వైపే కప్పేస్తుంది. కింది రెక్కలో మలుపు తేటగా ఉంటుంది, కింద ఉన్నది కనబడదు. ఫైనల్‌లో (దిగే ముందు రన్‌వేకి సూటిగా వచ్చే దారిలో) వారియర్ పైన, సెస్నా కింద ఉంటే ఒకరికొకరు కనబడరు.

పెట్రోలు దగ్గర వారియర్ మంచి మాస్టారు. 152లో తెరువు, మూయి, అంతే. 172లో రెండు ట్యాంకుల నుంచీ ఒకేసారి తీసుకునే 'బోత్' ఉంటుంది. వారియర్‌లో ఎడమో కుడో ఎంచుకోవాల్సిందే. గడియారం చూసి ట్యాంకు మార్చాలి, మార్చేటప్పుడు ఎలక్ట్రిక్ పంపు వేయాలి. మరిచిపోతే ఒక ట్యాంకు నిండుగా ఉండగానే ఇంజన్ ఆగిపోతుంది. ఇక దానికున్నది ఒకటే తలుపు, కుడి వైపు. మొదటి సోలోకి ఇన్‌స్ట్రక్టర్ దిగిపోయాక, ఎడమ సీట్లోంచి వంగి రెండు గొళ్ళాలూ మీరే వేసుకోవాలి.

172ఎస్‌లో ఇంకో సంగతి ఉంది. ఇంజన్‌కు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) లేదు, ఇంధనం నేరుగా ఇంజెక్ట్ అవుతుంది, కాబట్టి దాన్ని వేడి చేసే కార్బ్ హీట్ మీట ఉండదు. అందులో నేర్చుకున్నవాళ్ళ చేతికి ఆ అలవాటు ఉండదు. తర్వాత 152నో వారియర్‌నో ఎక్కితే, తేమ గాలిలో పవర్ తగ్గించినప్పుడు కార్బురేటర్‌లో మంచు కట్టవచ్చన్న సంగతి చేతికి గుర్తుండదు. కళ్ళముందు ప్యానెల్‌లో డిజిటల్ తెరలా, పాత గుండ్రటి మీటర్లా అన్న రెండో వాదన సోలో ముందు అనవసరం. అప్పటిదాకా చూపు కిటికీ బయటే ఉండాలి.

ఏది ఎంచుకున్నా సోలో దాకా మార్చకండి. ఆ రకం విమానాలు స్కూల్లో ఒక్కటే ఉందా, రెండు మూడున్నాయా అని డబ్బు కట్టే ముందే అడగండి. ఒక్కగానొక్క 152 మరమ్మతుకు వెళ్ళి మూడు వారాలు ఆగడం కంటే, మూడు 172లు ఉన్న చోట వారానికి మూడుసార్లు ఎగరడమే మేలు. సోలో అయ్యాక వారియర్‌కు మారితే మంచిదే. కాకపోతే మొదటి రోజు నేల మీదే అరగంట కూర్చుని ట్యాంకు మీట, పంపు స్విచ్, సీట్ల మధ్య ఉండే ఫ్లాప్ లివర్ (రెక్క వెనక పలకల్ని దించే మీట) చేతికి అలవాటు చేసుకోండి.